35 అంగుళాల టైర్లకు 4.10 మేలా, 4.56 మేలా?

31 అంగుళాల టైర్లు, 3.73 యాక్సిల్‌తో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరుగుతుందని ఆ అంకెకు అర్థం) వచ్చిన బండికి 35 అంగుళాలవి ఎక్కిస్తే హైవే మీద టాప్ గేర్ ఉన్నా లేనట్టే అవుతుంది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: క్రౌన్-పినియన్ (యాక్సిల్‌లో ఆ రేషియోను నిర్ణయించే పళ్ల చక్రాల జత) 4.10ది వెయ్యాలా, 4.56ది వెయ్యాలా?

పాత రేషియోను కొత్త టైరు వ్యాసంతో గుణించి పాత వ్యాసంతో భాగిస్తే 4.21 వస్తుంది. దానికి అటూ ఇటూ సులువుగా దొరికేవి 4.10, 4.56. దగ్గరగా ఉంది కదా అని చాలామంది 4.10 దగ్గర ఆగిపోతారు. పెట్రోల్ ఇంజను బండికైతే నేను 4.56 వెయ్యమనే చెప్తాను.

4.21 అన్న అంకె పాత గేరింగును మాత్రమే తిరిగి ఇస్తుంది. టైరు బరువు పెరిగింది, ట్రెడ్ వెడల్పయింది, బండి ఎత్తు పెరిగి గాలికి ఎదురు నిలిచే భాగం ఎక్కువైంది. వీటికి కావలసిన అదనపు లాగుడు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) చూద్దాం. వేగం (గంటకు కి.మీ.), యాక్సిల్ రేషియో, గేర్ రేషియో, 209 – ఈ నాలుగూ గుణించి టైరు వ్యాసంతో (అంగుళాల్లో) భాగించాలి. ఆరు గేర్ల మాన్యువల్, ఆరో గేరు 0.84, ఐదోది 1.00 అనుకుందాం. గంటకు 100 కి.మీ. దగ్గర ఆరో గేరులో:

పాత టైర్లు, 3.73: సుమారు 2110
35 అంగుళాలు, 3.73: 1870
35 అంగుళాలు, 4.10: 2055
35 అంగుళాలు, 4.56: 2285

చివరి అంకె చూసి "ఆర్‌పీఎం పెరిగిపోతుంది, పెట్రోలు తాగేస్తుంది" అని వెనక్కి తగ్గుతారు. కానీ పెద్ద టైర్లు వేసి 3.73తోనే తిరుగుతున్నవాళ్లు ఎదురుగాలికి, చిన్న ఎత్తుకు ఐదో గేరులోకి దిగిపోతున్నారు. ఐదులో అదే వేగానికి 2230 దాకా తిరుగుతోంది. అంటే 4.56 వేస్తే ఇప్పుడు ఐదులో ఉన్న ఆర్‌పీఎమ్మే దాదాపుగా ఆరులో వస్తుంది, పైగా ఆరో గేరు నిలబడుతుంది. 4.10తో ఆరు నిలబడకపోతే ఐదులో 2450. సమతలం మీద 2055, ఎత్తు తగలగానే 2450, మళ్లీ 2055 – ఇలా ఊగే బండికంటే 2285 దగ్గర కదలకుండా పోయే బండి నడపడానికి ఎంతో హాయి. ఆటోమేటిక్ అయితే ఇది ఇంకా ముఖ్యం. గేరు మారినప్పుడు, లోడు పెరిగినప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పుడును ఫ్లూయిడ్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) తరచుగా లాకప్, అంటే జారకుండా పట్టి ఉంచే పట్టు, వదిలేస్తుంది. ఆ జారుడంతా ఫ్లూయిడ్‌లో వేడిగా మారుతుంది. అందుకే రేషియో ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది, మీరు రోజూ వెళ్లే దారిలో టాప్ గేర్ నిలబడుతుందా అన్నదే.

4.10కి న్యాయంగా చెప్పాల్సినవి ఉన్నాయి. తక్కువ ఆర్‌పీఎంలోనే బలంగా లాగే డీజిల్ ఇంజనుకు, ఎప్పుడూ సమతలం మీదే తిరిగే బండికి అదే మేలు. టైరు అసలు కొలత కూడా చూడాలి. 315/70ఆర్17ను అందరూ 35 అంటారు గానీ లెక్క కడితే 34.4 అంగుళాలే. పక్క మీద సుద్దగీత పెట్టి బండిని సరిగ్గా ఒక చుట్టు దొర్లించి, కదిలిన దూరాన్ని 3.14తో భాగించండి. పాత టైరునూ అలాగే కొలవండి. పాతది 30.5, కొత్తది 33.5 వస్తే లెక్క సరిగ్గా 4.10 దగ్గరే తేలుతుంది, అప్పుడు దాని పక్షం బలపడుతుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో చివరి గేరు 0.67 ఉంటే అదే 100 కి.మీ. వేగానికి 4.56తో కూడా 1825 దగ్గరే ఉంటుంది, అక్కడ 4.56 వెయ్యడానికి సందేహమే అక్కర్లేదు.

డిఫరెన్షియల్ కేరియర్ (క్రౌన్ చక్రాన్ని బిగించే భాగం) సంగతి కొనేముందే చూసుకోండి. డానా కంపెనీ యాక్సిళ్లలో పాత తరహా డానా 44లో 3.73 దాకా ఒక కేరియర్, 3.92 నుంచి మరొకటి. కాబట్టి ఏది వేసినా కేరియర్ మార్చాలి, లేదా పాత కేరియర్‌కే సరిపడే మందం క్రౌన్ కొనాలి. డానా 30లో 3.73 నుంచి పైకంతా ఒకటే కేరియర్. డానా 60లో మాత్రం 4.10 పాత కేరియర్‌కే పడుతుంది, 4.56కి కొత్తది కావాలి. ఆ ఒక్క యాక్సిల్‌లో ఖర్చు తేడా నిజంగా ఆలోచించదగ్గది. ఫోర్ బై ఫోర్ అయితే ముందు, వెనక రెండూ మార్చాల్సిందే.

4.88 అనేది 37 అంగుళాల టైర్ల సరుకు. దాని పినియన్‌కు 8 పళ్లే, 4.56కి 9, 4.10కి 10. టైర్లు 33 దగ్గరే ఆగితే 3.73నే ఉంచేసినా నడుస్తుంది.

ఏది ఎంచుకున్నా బిగింపు తప్పితే హైవే మీద కూత తప్పదు. పినియన్ లోతు షిమ్‌లతో (పల్చటి రేకు వాషర్లతో) సరిచేశాక, బ్యాక్‌లాష్ (రెండు చక్రాల పళ్ల మధ్య సందు) 0.15–0.25 మి.మీ. మధ్య (కిట్‌లో వేరే అంకె ఇస్తే అదే) ఉంచి, పళ్లకు రంగు పూసి ముద్ర చూడాలి. ముద్ర పంటి కొనవైపు పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదలువైపు పడితే మరీ దగ్గరైనట్టు. క్రష్ స్లీవ్‌ను (పినియన్ బేరింగుల మధ్య, నట్టు బిగిస్తే నలిగే గొట్టాన్ని) ఎక్కువ బిగించేస్తే నట్టు వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు, కొత్తది వెయ్యాలి. కంప్యూటర్‌లో టైరు సైజు, యాక్సిల్ రేషియో రెండూ మార్పించండి, లేకపోతే స్పీడోమీటరూ ఆటోమేటిక్ గేర్లూ తప్పుతాయి.

మొదటి ప్రయాణం 25–30 కి.మీ. నెమ్మదిగా, తర్వాత అరగంట చల్లారనివ్వాలి. ఇలా రెండు మూడుసార్లు. 800 కి.మీ. దాకా ట్రైలర్ లాగొద్దు. అప్పుడు జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్ మార్చి, డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే, లోహపు ముక్కలు కనిపిస్తే కవరు విప్పి మళ్లీ ముద్ర చూడాల్సిందే.