సొంత స్టాటిక్ సైట్ జనరేటర్: పైథానా, షెల్ స్క్రిప్టా, లేక హ్యూగోనే వాడేద్దామా?

స్టాటిక్ సైట్ జనరేటర్ అంటే మనం రాసిన పోస్టుల్ని ముందే హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి పెట్టే ప్రోగ్రామ్. ముందే చెప్పేస్తా, పేజీలు వందా రెండొందల లోపు ఉండి కోడింగ్ కాస్తో కూస్తో వచ్చిన వాళ్ళకి నా ఓటు పైథాన్‌లో సొంతంగా రాసుకోవడానికే. అసలు పని ఎంతని? ఒక ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ (చిన్న చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్ళుంటాయి, ఒక్కో ఫైల్ పైన టైటిల్, డేట్ ఉంటాయి (దాన్నే ఫ్రంట్ మ్యాటర్ అంటారు), వాటిని చదివి హెచ్‌టీఎంఎల్ చేసి టెంప్లేట్‌లో పెట్టి ఇంకో ఫోల్డర్‌లో రాసెయ్యాలి, బొమ్మలు, సీఎస్ఎస్ కాపీ కొట్టాలి, చివర్లో హోమ్ పేజీ, ఫీడ్ (కొత్త పోస్టుల్ని రీడర్ యాప్‌లకి అందించే ఫైల్) తయారుచెయ్యాలి. అంతే.

షెల్ స్క్రిప్ట్ ప్లస్ ప్యాండాక్ దారి మొదట్లో భలే ఉంటుంది. ప్యాండాక్ అంటే ఒక ఫార్మాట్ ఫైల్‌ని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే టూల్, 2006 నుంచి ఉంది, ఫ్రంట్ మ్యాటర్ అదే చదువుకుంటుంది, టెంప్లేట్ కూడా అదే నింపుతుంది, మనం రాసేది ఒక ఫర్ లూప్. మేక్ అనే బిల్డ్ టూల్ కూడా తగిలిస్తే మారిన ఫైళ్ళే మళ్ళీ బిల్డ్ అవుతాయి. తలనొప్పి హోమ్ పేజీ దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే అన్ని పోస్టుల టైటిళ్ళు, డేట్లు ఒకచోట పోగేసి సార్ట్ చెయ్యాలి, అక్కడ చాలామంది సెడ్ (టెక్స్ట్‌లో ఒక ముక్క వెతికి ఇంకోటి పెట్టే కమాండ్) పట్టుకుంటారు. టైటిల్‌లో "&" ఉందనుకోండి, సెడ్‌కి ఆ గుర్తుకి "ఇందాక దొరికిన ముక్క మళ్ళీ పెట్టు" అని అర్థం, దాంతో "సీ & పైథాన్" అనే టైటిల్ మధ్యలో మీ ప్లేస్‌హోల్డరే (టైటిల్ రావాల్సిన చోట టెంప్లేట్‌లో పెట్టిన గుర్తు) వచ్చి కూర్చుంటుంది. టైటిల్‌లో స్లాష్ ఉంటే ఇంకా గొడవ, కమాండే ఆగిపోతుంది. ఇంకోటి, పోస్ట్ డిలీట్ చేస్తే దాని పాత హెచ్‌టీఎంఎల్ ఔట్‌పుట్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది, మేక్ దాన్ని పట్టించుకోదు. ఐదారు పేజీల సైట్‌కైతే ఇది చాలు, అంతకు మించి నేను వద్దంటా.

రెడీమేడ్‌లో రెండు పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. జెకిల్ 2008లో వచ్చింది, రూబీ మీద నడుస్తుంది, గిట్‌హబ్ పేజెస్‌లో (సైట్లు పెట్టుకునే గిట్‌హబ్ సర్వీస్) నేరుగా పనిచేస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకి సుఖం. కానీ రూబీ వెర్షన్ మారితే మన సైట్ కదులుతుంది, రూబీ 3.0లో వెబ్‌రిక్ అనే చిన్న వెబ్ సర్వర్‌ని స్టాండర్డ్ లైబ్రరీ నుంచి తీసేసినప్పుడు మన వైపు ఒక్క అక్షరం మారకుండానే జెకిల్ సర్వ్ (సైట్‌ని మన కంప్యూటర్‌లోనే చూపించే కమాండ్) ఆగిపోయింది. హ్యూగో 2013లో గో భాషలో వచ్చింది, ఒకే ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, స్పీడ్ గురించి చెప్పక్కర్లేదు. దాని కష్టమంతా టెంప్లేట్లలో ఉంది. చుక్క పెడితే ప్రస్తుత పేజీ అని అర్థం, రేంజ్ లూప్‌లోకి (జాబితాలో ఒక్కోదాన్నే తీసే లూప్) వెళ్ళగానే అదే చుక్కకి అర్థం మారిపోతుంది, ఒక పేజీ కనపడకపోతే తప్పు టెంప్లేట్‌లో ఉందా ఫోల్డర్ పేరులో ఉందా డేట్ రేపటిది పడిందా (భవిష్యత్తు డేటున్న పోస్టుల్ని హ్యూగో మామూలుగా చూపించదు) అని వెతుక్కుంటూ పోవాలి.

పైథాన్‌లో అయితే మార్క్‌డౌన్ లైబ్రరీ ఒకటి, టెంప్లేట్లు నింపే జింజా ఒకటి, మిగతాదంతా పైథాన్‌తోపాటే వచ్చే పాత్‌లిబ్, షుటిల్ (ఫైళ్ళు, ఫోల్డర్ల పనులు చేసే మాడ్యూళ్ళు). వంద లైన్ల దగ్గర్లో అయిపోతుంది, ఏది తప్పినా ఏ లైనో మీకే తెలుస్తుంది. ప్రతిసారి ఔట్‌పుట్ ఫోల్డర్ మొత్తం తుడిచి మళ్ళీ కట్టండి, ఇంత చిన్న సైట్‌కి మారినవే బిల్డ్ చేసే తెలివితేటలు అక్కర్లేదు. జింజాలో ఆటోఎస్కేప్ (టెక్స్ట్‌లోని ప్రత్యేక గుర్తుల్ని హెచ్‌టీఎంఎల్ కోడ్‌గా పనిచెయ్యకుండా మార్చడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మర్చిపోకుండా ఆన్ చెయ్యండి, హెచ్‌టీఎంఎల్‌గా మార్చిన పోస్ట్ బాడీకి మాత్రం సేఫ్ ఫిల్టర్ (ఇది ఉన్నదున్నట్టే వదిలెయ్యి అని చెప్పేది) పెట్టండి. విండోస్‌లో ఫైల్ ఓపెన్ చేసే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయాలి, లేకపోతే తెలుగు పోస్ట్ దగ్గర ఎర్రర్ రావడమో అక్షరాలు చెడిపోవడమో ఖాయం.

తెలుగులో రాసేవాళ్ళు స్లగ్ (లింక్ చివర్లో ఉండే పోస్ట్ పేరు) విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నెట్‌లో దొరికే స్లగ్ ఫంక్షన్లు ఎక్కువ శాతం బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి (టెక్స్ట్ వెతికే ప్యాటర్న్‌లలో "అక్షరమో అంకెనో అండర్‌స్కోరో" అని చెప్పే గుర్తు) సరిపోని అక్షరాలన్నీ తీసేస్తాయి, పైథాన్‌లో ఆ ప్యాటర్న్‌లు చూసే రీ మాడ్యూల్ లెక్కలో మన గుణింతాలు, పొల్లు, సున్నా అక్షరాలే కావు, కాబట్టి "కొత్త పుస్తకం" కాస్తా "కతత-పసతక" అయిపోతుంది. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో క్యాటగిరీ చూసి ఎల్, ఎం, ఎన్‌లతో (అక్షరాలు, గుణింతం లాంటి గుర్తులు, అంకెలు) మొదలయ్యేవి ఉంచుకుంటే సరిపోతుంది, కానీ ఆ లింక్ కాపీ చేస్తే ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్ (గుణింతం, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కే) పర్సెంట్ గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది, మధ్య గీతతో కలిపి ఈ రెండు మాటలకే 109. అందుకే స్లగ్‌ని ఫ్రంట్ మ్యాటర్‌లో చేత్తో ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకోవడమే నాకు నచ్చిన పద్ధతి, టైటిల్ తర్వాత మార్చినా లింక్ చెడదు.

హ్యూగో ఎప్పుడంటారా? పేజీలు వేలల్లోకి వెళ్తే, ఒకే సైట్ రెండు మూడు భాషల్లో కావాలంటే, ఫొటోలు రకరకాల సైజుల్లో తయారవ్వాలంటే, లేదా మీతోపాటు ఇంకో నలుగురు ఆ సైట్ మీద పనిచేస్తుంటే కళ్ళు మూసుకుని హ్యూగోకే వెళ్ళండి, ఎందుకంటే దానికి డాక్యుమెంటేషన్ ఉంది, మీ వంద లైన్లకి మీరొక్కరే డాక్యుమెంటేషన్. ఆ రోజు వస్తుందనే అనుమానం ఉంటే ఫ్రంట్ మ్యాటర్ సొంత ఫార్మాట్‌లో కాకుండా మొదటి నుంచీ యామల్‌లోనే ("పేరు: విలువ" అని రాసే ఫార్మాట్), మూడు గీతల మధ్యే పెట్టండి. టెంప్లేట్లు మళ్ళీ రాసుకోవాల్సిందే గానీ పోస్టులు దాదాపు ఉన్నవి ఉన్నట్టే తీసుకెళ్ళి హ్యూగో కంటెంట్ ఫోల్డర్‌లో పడెయ్యొచ్చు.