పోలరైజింగ్ మైక్రోస్కోపు ఐదేళ్లు వాడాక: రాతి ముక్క నుంచి బియ్యప్పిండి దాకా

పోలరైజింగ్ మైక్రోస్కోపు అంటే ఒకే దిశలో కంపించే కాంతితో వస్తువును చూపించేది. 4, 10, 40, 60 రెట్ల ఆబ్జెక్టివ్‌లు (స్లైడుకు దగ్గరగా ఉండే లెన్సులు), గుండ్రంగా తిరిగే స్టేజి (స్లైడు పెట్టే బల్ల), స్ఫటికం కాంతి నమూనాను చూపే బెర్ట్రాండ్ లెన్స్, రంగుల తేడా చూపే 530 నానోమీటర్ల ఫుల్‌వేవ్ ప్లేటు ఉన్న ట్రైనాక్యులర్ (రెండు కళ్లకూ కెమెరాకూ గొట్టాలున్నది) ఇది. కొనేవాళ్లు కెమెరా మెగాపిక్సెళ్లు అడుగుతారు. అడగాల్సింది స్టేజి ఎంత బిగువుగా తిరుగుతుంది, ఆబ్జెక్టివ్‌ల గాజులో ఒత్తిడి ఉందా లేదా అని.

ఒత్తిడి తెలుసుకోవడం తేలిక. స్లైడు తీసేసి ఎనలైజర్ (పై పోలరైజింగ్ ఫిల్టర్) లోపలికి తోసి, పూర్తి చీకటి వచ్చేదాకా పోలరైజర్ (కింది ఫిల్టర్) తిప్పాలి. ఎంత తిప్పినా బూడిద మబ్బు మిగిలితే ఆబ్జెక్టివ్‌లోనో కండెన్సర్‌లోనో (కింద కాంతిని పోగుచేసే లెన్సు) ఒత్తిడి ఉన్నట్టు. ఒక్కో ఆబ్జెక్టివ్ మార్చి చూస్తే దోషి ఎవరో తెలుస్తుంది. మా దాంట్లో 40 రెట్లది కొంచెం తేడా. కంటితో చూడడానికి ఫర్వాలేదు, సన్నటి బూడిద రంగులను తూచాల్సి వచ్చినప్పుడు మోసం చేస్తుంది.

సెంటరింగ్, అంటే ఆబ్జెక్టివ్‌ను స్టేజి తిరిగే కేంద్రానికి సరిచేయడం, విసుగు పని, కానీ తప్పదు. ఒక చిన్న మచ్చను క్రాస్‌హెయిర్ (ఐపీస్‌లో కనిపించే అడ్డం, నిలువు గీతలు) కూడలికి తెచ్చి స్టేజి తిప్పండి. మచ్చ కూడలికి అన్నిటికన్నా దూరమైన చోట ఆపి, సగం దూరం ఆబ్జెక్టివ్ స్క్రూలతో, మిగతా సగం స్లైడు జరిపి వెనక్కి తీసుకురావాలి. రెండు మూడు సార్లకు కుదురుతుంది. 40 రెట్లలో ఇది కుదరకపోతే రేణువు తిప్పగానే కంటికి కనపడకుండా పోతుంది, ఎక్స్‌టింక్షన్ కోణం (స్ఫటికం నల్లబడే కోణం) కొలవడం కుదరదు.

ఈ యంత్రం అసలు బలం రాళ్లే. విశాఖ వైపు ఖోండలైట్ అనే రాయి థిన్ సెక్షన్ (కాంతి దూరేంత పల్చగా అరగదీసిన ముక్క) పెడితే గార్నెట్, గ్రాఫైట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ ఒకేచోట దొరుకుతాయి. ఎనలైజర్ లేకుండా గ్రాఫైట్ నలుపు, గార్నెట్ లేత గులాబీ. ఎనలైజర్ పెడితే రెండూ నలుపే, స్టేజి ఎంత తిప్పినా. అందుకే ఎనలైజర్ తీసి చూడకుండా ఖనిజం పేరు చెప్పకూడదు. సెక్షన్ 0.03 మిల్లీమీటర్లు ఉంటే క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్లోనే ఉంటుంది. చిక్కటి పసుపు, నారింజ కనిపిస్తే సెక్షన్ మందంగా ఉన్నట్టే, మళ్లీ అరగదీయాలి. మందమైన సెక్షన్‌ను రంగుల చార్టుతో పోల్చి ఖనిజం పేరు తేల్చడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

బియ్యప్పిండి చుక్క నీళ్లలో కలిపి, గాజు కవర్‌స్లిప్ వేసి 40 రెట్లలో చూస్తే ప్రతి పిండి గింజలో నల్ల శిలువ కనపడుతుంది. బంగాళాదుంప పిండికి 10 రెట్లే చాలు, గింజలు పెద్దవి. అదే పిండిని వేడి చేస్తే, గంజి కట్టేకొద్దీ శిలువ మాయమవుతుంది. ప్లాస్టిక్ కవర్‌స్లిప్ వాడకండి, అది తనే రంగులు పుట్టిస్తుంది.

పట్టు నిజమా అని చూడడానికీ పనికొస్తుంది. పాలియెస్టర్ గుండ్రటి పోగు, అంచుల వెంట రంగుల చారలు. పట్టు పోగులో అంత చారలుండవు, తిప్పితే చక్కగా ఆరిపోతుంది, అంటే నల్లబడుతుంది. నూలు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక్కచోట పూర్తిగా ఆరదు.

గౌట్ అనే వాతరోగానికి కీలుద్రవం చూసేవాళ్లకు ఫుల్‌వేవ్ ప్లేటు లేకపోతే ఈ యంత్రం సగమే. గౌట్‌లోని యూరేట్ సూదులు (సూదిలాంటి స్ఫటికాలు) ప్లేటు నెమ్మది అక్షానికి (కాంతి నెమ్మదిగా పోయే దిశకు) సమాంతరంగా ఉంటే పసుపు, అడ్డంగా ఉంటే నీలం. సూడోగౌట్ (గౌట్‌లా కనిపించే మరో కీళ్ల జబ్బు)లోని కాల్షియం స్ఫటికాలు దీనికి తిరగబడి ఉంటాయి, మెరుపూ తక్కువ. గ్లవ్స్ పౌడరు కూడా పిండే, దాని శిలువ చూసి స్ఫటికమని రాసుకోకండి. ద్రవం ఆలస్యం కాకుండా చూడాలి, సేకరించే ట్యూబులో ఆక్సలేట్ ఉండకూడదు, దాని స్ఫటికాలూ మెరుస్తాయి.

నచ్చనివి రెండు. హాలోజెన్ బల్బు వేడికి కింది పోలరైజర్ ఫిల్మ్ మధ్యలో గోధుమరంగుకు తిరిగింది. ఎల్ఈడీ మోడలే తీసుకోండి. ఫుల్‌వేవ్ ప్లేటు స్లాటుకు మూత లేదు, దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. వానకాలంలో లెన్సులకు బూజు పట్టకుండా, ఆబ్జెక్టివ్‌లు విప్పి సిలికా జెల్ డబ్బాలో పెడతాం. జెల్ రంగు మారగానే ఓవెన్‌లో ఎండబెట్టి తిరిగి వాడతాం.