పాతూరు లేడీస్ టైలరక్క - లోపలి కుట్టు కోసమైతే కళ్ళు మూసుకుని పోవచ్చు

అనంతపురం పాతూరులో ఈ టైలరక్క గురించి రాద్దామని ఆర్నెల్ల నుంచి అనుకుంటాన్నా. ముందే చెప్తాన్నా, డిజైన్లు కావాలంటే వేరే చోటికి పోండి, వీపు మీద కిటికీలు, చేతులకి పూసలు ఇక్కడ అంత బాగా రావు. నేను పోయేది లోపలి కుట్టు కోసం.

నాకు చిన్నప్పట్నుంచీ బట్టల్తో పంచాయితీనే. మెడ వెనకాల లేబుల్, చంక కాడ ఓవర్‌లాక్ దారం, పట్టు జాకెట్టుకి జరీ, ఏది గుచ్చుకున్నా ఇంక ఆ పూట ఎవురేం మాట్లాడినా బుర్రకెక్కదు. ఇంట్లో దీనికి పెట్టిన పేరు తిక్క. పోయినేడు 34 ఏళ్ళకి బెంగళూరులో ఆటిజం అని తేల్చినారు. చిన్నప్పటి సంగతులు చెప్పడానికి మాయమ్మని కూడా రమ్మన్నారు, "యూనిఫాం వేస్తే ఇస్కూలు దాకా ఏడుస్తాండె మేడం, చొక్కా తిరగేసి వేసుకుంటాండె" అని ఆయమ్మ నా మీద చాడీలు చెప్తాంటే డాక్టరమ్మ గబగబా రాసుకుంటాంది! స్పర్శ, శబ్దం, వెలుతురు మరీ ఎక్కువగా తగలడం అనేది 2013లో డీఎస్ఎం-5 (మానసిక డాక్టర్లు ఇట్లాంటివి తేల్చేదానికి చూసే పుస్తకం) వచ్చినప్పుడే ఆటిజం లక్షణాల్లో చేర్చినారంట. నేనప్పుడు డిగ్రీ అయిపోయి, పక్కనోళ్ళని చూసి నవ్వాల్సిన చోట నవ్వుతా, ఫోటోకి నిలబడమంటే నిలబడతా తిరుగుతాన్నా.

అక్కకి ఇదేమీ చెప్పలేదు. "ఓవర్‌లాక్ వద్దక్కా, గుచ్చుకుంటాది" అన్నా అంతే. ధర్మవరం చీర జాకెట్టు అది, చేతికి నాలుగు వేళ్ళ వెడల్పు జరీ అంచు. అక్క చెయ్యి తిరగేసి, అంచు మీద గోరు పెట్టి మెల్లగా లాగి "ఇక్కడేనా పాపా?" అనింది. అక్కడే. జరీ వెనకాల మల్‌మల్ గుడ్డ వేసి, చంకల కాడ పోగులు కనపడకుండా లోపలికి మడిచి ఇంకో కుట్టు వేసింది. ఎందుకని అడగలేదు, ఏం సుకుమారమో అనలేదు. చెల్లి పెళ్ళికి వేసుకుని రాత్రి 11 దాకా అట్లే ఉన్నా, మామూలుగా అయితే తాళి కట్టినాక పరిగెత్తిపోయి నైటీలో పడేదాన్ని (అది కూడా తిరగేసే).

లైనింగ్ జాకెట్టు 450, మడత కుట్టుకి ఇంకో 100. మడత కుట్టయితే మళ్ళీ విప్పి లూజు చేసేది కష్టం, లావైతే మీ ఇష్టం.

తిట్టాల్సింది కూడా ఉంది. మంగళవారం అంటే శనివారం ఇస్తాది. వేరేవాళ్ళకి ఇది చిన్న విషయమేమో, నేను మాత్రం ఏ టైముకి పోవాల, పోయి ఏం మాట్లాడాల అని రాత్రే మనసులో అనుకుని పోతా, "రేపు రా పాపా" అంటే ఆ దినం పోయినట్లే. రెండుసార్లయినాక చెప్పేసినా. ఇప్పుడు కుట్టేసినాక వాట్సాప్‌లో జాకెట్టు ఫోటో పెడ్తాది, అది వచ్చేదాకా నేను కదలను.

సాయంత్రం మాత్రం పోవద్దండి, నాలుగు మోటార్ మిషన్లు, దానికి తోడు ఎఫ్ఎం, టపటపా కొట్టుకునే ట్యూబ్‌లైటు. మధ్యాహ్నం 2 గంటలప్పుడు ఎవురూ ఉండరు, అక్క అన్నం తింటా ఉంటాది. ఆది జాకెట్టు ఇచ్చేస్తే టేపు పెట్టి ఒళ్ళంతా తాకే పని కూడా ఉండదు.

నాలుగు స్టార్లు. ఐదోది ఆ ట్యూబ్‌లైటు మార్చినాక.