ఏరియేటర్ మాన్యువల్: ఇంగ్లీషులో రాసి తెలుగు చేయించాలా, నేరుగా తెలుగులో రాయాలా?

కొత్తపట్నం నుంచి ముత్తుకూరు దాకా ఏ రొయ్యల గుంట దగ్గర చూసినా చక్రాలతో నీళ్ళు చిలికి గాలి కలిపే ప్యాడిల్ వీల్ ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటితో వచ్చే పుస్తకం కొన్న రైతు ఇంట్లో ఉంటుంది. దాని అవసరం పడేది మాత్రం గట్టు మీద షెడ్డులో పడుకునే కాపలా మనిషికి, అదీ తెల్లవారుజామున. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి నీళ్ళలోని సూక్ష్మ నాచు (ప్లాంక్టన్) ఆక్సిజన్ ఇవ్వకపోగా తనూ వాడేసుకుంటుంది. రొయ్య, అడుగు బురద కూడా లాగేస్తాయి. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) బాగా తగ్గేది సూర్యోదయానికి ముందే. సరిగ్గా అప్పుడు మోటారు ఆగితే ఏం చేయాలో ఆ మనిషికి చెప్పగలిగేదే మాన్యువల్. టెక్నికల్ రైటర్ ఈ రెండు పద్ధతులనూ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకునే తూచాలి.

ఇంగ్లీషులో రాసి తర్వాత తెలుగు చేయిస్తే ఇలాంటి వాక్యం వస్తుంది:

“సింగిల్ ఫేజింగ్ సంభవించిన పక్షంలో మోటారు నిర్వహించబడటం లేదని నిర్ధారించుకోవాలి.”

వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ సింగిల్ ఫేజింగ్ అయిందని చీకట్లో ఎలా తెలుస్తుంది? తెలిశాక చెయ్యి ఎక్కడ పెట్టాలి? అనువాదకుడి తప్పు కాదిది. అతని ముందున్నది వాక్యాల పట్టిక, మోటారు కాదు. అదే నేరుగా తెలుగులో రాస్తే:

“మూడు ఫేజుల్లో ఒకటి పోతే, ఆగి ఉన్న మోటారు గుయ్‌మంటుంది గానీ తిరగదు. తిరుగుతున్న మోటారైతే మూలుగుతూ వేడెక్కుతుంది. వెంటనే స్టార్టర్ ఆపండి. మూడు ఫేజులూ వచ్చాకే మళ్ళీ వేయండి. ఆపకపోతే మిగిలిన ఫేజుల్లో కరెంటు పెరిగి వైండింగ్ కాలిపోతుంది.”

ఇలా రాయాలంటే మోటారు గుయ్‌మంటుందన్న సంగతి రాసేవాడికి తెలిసుండాలి. ఇంగ్లీషులో ఒక్క పారిభాషిక పదం వేస్తే ఆ తెలియనితనం కనపడకుండా పోతుంది. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉంది కదా అంటారా? దాన్ని మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు మించి తిప్పి పెడితే ట్రిప్ కావాల్సినప్పుడు కాదు. ఆ మాటా పుస్తకంలో ఉండాలి. మోటారు విప్పి బిగించాక చక్రం వెనక్కి తిరిగితే మెయిన్ ఆపి ఏవైనా రెండు ఫేజు వైర్లు అటూఇటూ మార్చాలన్నది కూడా.

తెలుగుకు సొంత చిక్కు ఒకటుంది. మనకు ‘కాదు, వద్దు’ అనేది క్రియ చివర వస్తుంది. “మెయిన్ ఆన్‌లో ఉండగా మూత తీయ” దగ్గర లైను తెగి, “కండి” కింది లైనులో పడితే హెచ్చరిక తలకిందులైనట్టే. అందుకని హెచ్చరికను ఒక్క లైనులో ఇమిడేలా రాయాలి: “ముందు మెయిన్ ఆపండి. తర్వాతే మూత తీయండి.” ఇందులో వ్యతిరేక పదమే లేదు, పని చేయాల్సిన వరుస కూడా ఉంది. విమాన రంగంలో వాడే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే సరళ ఇంగ్లీషు నియమావళి పని చెప్పే ఇంగ్లీషు వాక్యాన్ని 20 పదాలకు మించనివ్వదు. తెలుగు పదాలు పొడుగు. 10 దాటితే విరిచేయడం మంచిది.

నేరుగా తెలుగులో రాయడంలో అసలు కష్టం పేర్ల దగ్గర. ఒక పేజీలో ‘చక్రం’, ఇంకో పేజీలో ‘ఇంపెల్లర్’ అంటే రెండు వేర్వేరు భాగాలనుకుంటారు. రాయకముందే 30, 40 మాటల జాబితా ఖాయం చేసుకోవాలి. స్టార్టర్, ఫేజ్, గేర్‌బాక్స్, ఆయిల్ సీల్ అందరి నోటా ఉన్నవే, వాటిని తెలుగు చేయబోతే నవ్వులపాలవుతాం. రెండో కష్టం మార్కెట్. అదే యంత్రం ఒడిశా, గుజరాత్, తమిళనాడు వెళ్తే తెలుగు మూలం నుంచి గుజరాతీ చేసేవాళ్ళు సులువుగా దొరకరు. అక్కడ ఇంగ్లీషుదే పైచేయి.

కూలి లెక్క కూడా ముందే తేల్చుకోవాలి. ఇంగ్లీషులో నాలుగు మాటలు తెలుగులో ఒక్కోసారి ఒక్కటైపోతాయి కాబట్టి తెలుగు మాటలు లెక్కపెట్టి డబ్బిస్తామంటే రైటర్‌కు నష్టం. అనువాదానికి ఇంగ్లీషు మాటల లెక్క, నేరుగా రాసినదానికి పేజీ లెక్క అడగాలి.

ప్రెస్సు దగ్గర రెండు పద్ధతులకూ గండమే. డీటీపీలో యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లు వాడుతుంటే యూనికోడ్‌లో పంపింది మార్చి పెడతారు, ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరిపోవచ్చు, చుక్కలు రాలిపోవచ్చు. 1 హెచ్‌పీ అంటే సుమారు 0.75 కిలోవాట్లు. చుక్క పోతే అది 75! పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ప్రూఫ్‌లో మిగతా ఏది వదిలేసినా, ప్రతి అంకెనూ మూల పట్టికతో పోల్చి టిక్కు పెట్టాల్సిందే.

మా ఓటు ఇలా: బిగింపు, నడపడం, రిపేరు, హెచ్చరికలు ముందు తెలుగులో రాయండి. స్పెసిఫికేషన్లు, పార్టు నంబర్లు, వారంటీ ముందు ఇంగ్లీషులో ఉండనివ్వండి. బయటి రాష్ట్రాలకు కావాలంటే తెలుగు స్టెప్పుల నుంచే ఇంగ్లీషు తయారుచేయండి, అది కూడా పొట్టిగా, సూటిగా వస్తుంది. రెండింటి అట్టల మీదా ఒకే వెర్షన్ నంబరు వేయండి. లేకపోతే గేర్ ఆయిల్ గ్రేడ్ ఇంగ్లీషులో మారి, తెలుగులో పాతదే మిగిలిపోతుంది.

ఇక ఆ తెల్లవారుజాము మనిషికోసం పుస్తకం నుంచి ఐదు లైన్లు తీసి, 18 పాయింట్ల అక్షరాల్లో స్టార్టర్ పెట్టె మూత లోపల అంటించాలి. ఉప్పుగాలికి కాగితం ఆగదు, వినైల్ స్టిక్కరే వేయించండి. అంటించేముందు ఆ యంత్రం ముట్టుకోని మనిషి చేతికిచ్చి, పక్కన నోరెత్తకుండా నిలబడి చూడండి. చెయ్యి ఎక్కడ ఆగిందో ఆ లైను మళ్ళీ రాయాలి.