పాత ట్రాక్టర్‌లో బజ్జీ నూనె బయోడీజిల్: మూడేళ్లు వాడాక

వాడింది రెండింట్లో. ఒకటి ఇన్‌లైన్ పంపున్న (ఒక్కో సిలిండర్‌కు విడిగా డీజిల్ తోసే పాతరకం పంపు) పాత 35 హెచ్‌పీ ట్రాక్టర్, రెండోది ఫారం పాండ్ మీద నీళ్లు తోడే 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజిన్. ఊరు అనంతపురం దగ్గర మెట్ట పల్లె. నూనె ఉగ్గాని బజ్జీ హోటళ్లలో కాగి నల్లబడిన పామాయిల్, అప్పుడప్పుడు కాస్త శెనక్కాయ నూనె. ట్రాక్టర్‌కు ఎప్పుడూ బీ20, అంటే 80 లీటర్ల డీజిల్‌కు 20 లీటర్ల బయోడీజిల్. బయోడీజిల్ అంటే నూనెకు మిథనాల్, కాస్టిక్ పొటాష్ కలిపి అందులోని గ్లిజరిన్‌ను విడగొడితే మిగిలే పలచటి ఇంధనం. ఆయిల్ ఇంజిన్‌కు ఎండాకాలమంతా బయోడీజిల్ ఒక్కటే.

బాగా తయారైన బీ20తో పాత ఇంజిన్‌కు ఏ ఇబ్బందీ రాలేదు. తయారీలో తేడా వస్తే మాత్రం ఏ అడిటివూ (ఇంధనంలో కలిపే మందు) దాన్ని బాగుచేయలేదు. కొన్న అడిటివ్‌లలో పెట్టిన డబ్బుకు పని చేసింది ఒక్కటే.

పచ్చి నూనెలో పెట్రోలో కిరసనాయిలో కలిపి పోస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్, పచ్చి నూనెది 35 పైనే, బయోడీజిల్‌ది 4, 5 మధ్య. పెట్రోల్ పోస్తే నూనె పలచబడుతుందే గానీ అందులో అతుక్కుని ఉన్న గ్లిజరిన్ ఎక్కడికీ పోదు. అది పూర్తిగా కాలక నాజిల్ మొన మీద పేరుకుంటుంది. విప్పి చూస్తే ఒక్కో రంధ్రం చుట్టూ బొగ్గు ఉమ్మెత్త పువ్వులా విచ్చుకుని ఉంటుంది. ఆ తర్వాత రింగులు పట్టేస్తాయి, ఇంజిన్ ఆయిల్ జిగురవుతుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్ శెనక్కాయ నూనెతో నడిచిన మాట నిజమే. అయితే ఆ ఇంజిన్‌లో నూనెను గాలి ఒత్తిడితో చిమ్మేవాళ్లు, మన నాజిళ్ల సన్నరంధ్రాలు కావవి.

తయారీలో మొదట నూనె వడగట్టి, 110 డిగ్రీల దాకా కాచి నీళ్లు పోగొట్టాలి. తర్వాత పులుపు కొలవాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్, ఎరువు పొటాష్ కాదు) కరిగించి పెట్టుకోవాలి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, చిటికెడు పసుపు కలిపి, ఆ పొటాష్ నీళ్లు సిరంజితో చుక్కచుక్కగా వేయాలి. పసుపు ఎర్రబడి అలాగే నిలిచిన చోట ఆపాలి. ఎన్ని మి.లీ. పట్టిందో అన్ని గ్రాములకు ఇంకో 5.5 గ్రాములు కలిపితే లీటరు నూనెకు పట్టే పొటాష్ తేలుతుంది. ఈ లెక్క 90 శాతం స్వచ్ఛత ఉన్న పొటాష్‌కు. లీటరు నూనెకు మిథనాల్ 200 మి.లీ., పొటాష్‌ను ముందు అందులో కరిగించి నూనెలో పోయాలి. వేడి 55 డిగ్రీలు చాలు, 65 దగ్గర మిథనాల్ మరిగిపోతుంది. గంటన్నర కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే గ్లిజరిన్ మడ్డిలా అడుక్కు దిగుతుంది, పైన నిలిచేది బయోడీజిల్. మిథనాల్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పట్టపగలు దాని మంట కంటికి కనబడదు. మూసిన డ్రమ్ము, గాలి ఆడే చోటు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. కట్టెల పొయ్యి మీద ఈ పని అస్సలు వద్దు.

కానుగ నూనెకు ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. పులుపు ఎక్కువ కాబట్టి డ్రమ్మంతా సబ్బవుతుంది. ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఒక విడత నడపాలి.

బయోడీజిల్ పూర్తిగా తయారైందో లేదో చూసే పరీక్ష ఇది: 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి ఊపితే మొత్తం కలిసిపోవాలి. అడుగున నూనె చుక్క నిలిస్తే సగం పనే అయిందన్నమాట. మే నెల ఎండలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. వేడి మిథనాల్ పచ్చి నూనెను కూడా కొంత కరిగించుకుంటుంది. సీసాను కుండనీళ్లలో పెట్టి చల్లార్చాకే చూడాలి.

బయోడీజిల్‌లో మిగిలిన సబ్బు పోయేలా కడగడానికి మా బోరు నీళ్లు వాడి తప్పు చేశాం. ఉప్పునీళ్లలోని కాల్షియం మిగిలిన సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కట్టి ఫిల్టర్‌కు చేరింది. వాన నీళ్లో ఆర్‌ఓ నీళ్లో మూడు విడతలు పోసి కడగాలి. ఆరబెట్టాక సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలగాలి.

ఇక అడిటివ్‌లు. పని చేసింది బీహెచ్‌టీ, అంటే నూనె ముక్కిపోకుండా ఆపే యాంటీఆక్సిడెంట్ పొడి. మన ఎండలకు బయోడీజిల్ త్వరగా ముక్కిపోయి వార్నిష్‌లా సాగుతుంది. ఆరబెట్టిన రోజే 50 లీటర్లకు 50 గ్రాములు, కాస్త వెచ్చటి బయోడీజిల్‌లో కరిగించి కలపాలి. ముక్కిపోయాక వేస్తే దండగ. సీటేన్ (ఇంధనం ఇంజిన్‌లో ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే అంకె) పెంచే మందు కొన్నాం, తేడా ఏమీ తెలియలేదు. ఈ నూనెల బయోడీజిల్‌కు సీటేన్ సహజంగానే 50 పైన ఉంటుంది మరి. చలికాలం తెల్లవారుజామున శెనక్కాయ, పామాయిల్ బయోడీజిల్ రెండూ గడ్డకడతాయి, ఫిల్టర్ మూసుకుంటుంది. డిసెంబరు, జనవరిలో బీ20 దాటకపోవడమే దానికి మందు. ట్యాంకు అడుగు నీళ్లలో పెరిగే సూక్ష్మజీవులను చంపే బయోసైడ్ మందు కంటే వారానికోసారి ట్యాంకు అడుగు నీళ్లు వదలడం మేలు.

ఇంజిన్ వైపు మొదట దెబ్బతినేది ఫిల్టర్. బయోడీజిల్ పాత ట్యాంకులోని మడ్డినంతా కడిగి తెచ్చేస్తుంది, అందుకే మొదట్లో రెండు ఫిల్టర్లు చేతిలో ఉంచుకోవాలి. రిటర్న్ రబ్బరు పైపులు ఉబ్బి చెమటపడతాయి, విటాన్ (బయోడీజిల్‌ను తట్టుకునే రబ్బరు) పైపులు వేశాక ఆ బాధ పోయింది. ఇత్తడి కొళాయి పెట్టిన డ్రమ్ములో నూనె ఆకుపచ్చగా మారింది, రాగి కరిగిందన్నమాట. జింకు పూత డ్రమ్ములూ వద్దు, గట్టి ప్లాస్టిక్‌వి మంచివి. పూర్తి బయోడీజిల్‌తో ఆయిల్ ఇంజిన్‌కు పదో వంతు దాకా ఎక్కువ నూనె పట్టింది, పొగ మాత్రం బాగా తగ్గింది. ఇంజిన్ ఆయిల్ కంపెనీ చెప్పిన గంటల్లో సగానికే మారుస్తున్నాం. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే బయోడీజిల్ కిందికి, ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతున్నట్టే, అప్పుడు ఇంజిన్ ఆపి నాజిల్ విప్పించాలి.

కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో సన్నరంధ్రాల గుండా డీజిల్ చిమ్మే ఏర్పాటు) ఉన్న కొత్త ట్రాక్టర్లలో ఇంట్లో చేసిన బయోడీజిల్ చుక్క కూడా పోయవద్దు. వాటి నాజిల్, పంపు మార్చే ఖర్చు ఎన్నేళ్ల డీజిల్ ఆదాతోనూ పూడదు.