కొత్త స్పోర్ట్ ఏటీవీకి మొదటి వెయ్యి డాలర్లు: సైలెన్సర్ మీదా, షాక్స్ మీదా?

పది వేల డాలర్లకు అటూ ఇటూగా పెట్టి యమహా రాప్టర్ 700ఆర్ అనే స్పోర్ట్ ఏటీవీ (రోడ్డు లేని చోట తొక్కే నాలుగు చక్రాల బండి) కొన్నవాళ్ళు చాలామంది మొదటి వారంలోనే సైలెన్సర్ల కోసం వెతకడం మొదలుపెడతారు. ఫీనిక్స్, శాన్‌డియేగో వైపు ఉండే మనవాళ్ళు చలికాలంలో కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బలకు బయలుదేరే ముందు అడిగేది కూడా అదే: "ఇంకో వెయ్యి డాలర్లు ఉన్నాయి, ఏ ఎగ్జాస్ట్ వేయించమంటారు?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ డబ్బు ఇంజిన్ మీద పెట్టకండి. బండి నేలను పట్టుకునే చోట పెట్టండి: టైర్లు, స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ళ చక్రం), షాక్స్ (గతుకుల కుదుపును మింగే షాక్ అబ్జార్బర్లు). అలాగని ఇంజిన్ వైపు వాదన తీసిపారేసేది కాదు, అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

రాప్టర్‌లో ఉన్నది 686 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్. 2006లో వచ్చినప్పటి నుంచీ ఫ్యూయల్ ఇంజెక్షనే. పొగకీ శబ్దానికీ ఉన్న నిబంధనలకు లోబడి అమ్మాలి కాబట్టి, కంపెనీ సైలెన్సర్‌ని బిగువుగా చేసి, ఎయిర్‌బాక్స్‌లోకి (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) గాలి వెళ్ళే దారిని కుదించి, పెట్రోలు పాళ్ళు కాస్త తగ్గించి పంపుతుంది. అంటే ఇంజిన్‌లో బయటికి రాని శక్తి కొంత నిజంగానే ఉంది. దాన్ని రాబట్టాలంటే మూడు పనులు కలిపి చేయాలి: ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే హెడర్ పైపుతో సహా పూర్తి ఎగ్జాస్ట్ మార్చడం, గాలి దారి పెంచడం, ఆ గాలికి తగినంత పెట్రోలు అందేలా ట్యూనర్ పెట్టడం.

చాలామంది చేసేది మాత్రం మొదటి దాంట్లో సగం. వెనక డబ్బా ఒక్కటి మార్చే స్లిప్-ఆన్ కొంటారు. శబ్దం మారుతుంది, బరువు కొన్ని పౌండ్లు తగ్గుతుంది, శక్తి మాత్రం సీటు మీద కూర్చున్నవాళ్ళకి తెలిసేంత పెరగదు. దానికి తోడు ఎయిర్‌బాక్స్ మూత కూడా తీసేసి ట్యూనర్ జోలికి వెళ్ళకపోతే, గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది, త్రాటిల్ వదిలినప్పుడల్లా టపటపా పేలుతుంది. ఇంకో ముప్పు, మూత లేని ఎయిర్‌బాక్స్‌లోకి గ్లామిస్ ఇసుక తేలిగ్గా దూరుతుంది. ఫిల్టర్ దాటి సిలిండర్ చేరిన సన్నటి ఇసుక పిస్టన్ రింగులను అరగదీసేస్తుంది. మూత తీయాల్సిందే అనుకుంటే ఫిల్టర్‌కి నూనె పట్టించి, పైన గుడ్డ తొడుగు వేసి, రోజూ శుభ్రం చేసే ఓపిక ఉండాలి.

మూడూ సరిగ్గా చేయించి, డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయిస్తే 1,200 నుంచి 1,500 డాలర్లు అవుతుంది. మామూలుగా వెనక చక్రాల దగ్గర 40 దరిదాపుల్లో ఉండే హార్స్‌పవర్‌కి ఇంకో ఐదారు కలిస్తే మంచి ఫలితమే. గ్లామిస్‌లోని ఓల్డ్స్‌మొబీల్ హిల్ లాంటి పొడవాటి ఎక్కుడులో పై సగానికి వచ్చేసరికి ఆ తేడా బాగా తెలుస్తుంది. అది కాదనను.

కానీ బండి కొత్తది. యమహా మాన్యువల్ ప్రకారం మొదటి 10 గంటలు సగం త్రాటిల్ దాటి, తర్వాతి 10 గంటలు ముప్పావు దాటి అదేపనిగా నడపకూడదు. 20 గంటలు నిండాక ఆయిల్ మార్చాలి. వారాంతాల్లో మాత్రమే తొక్కేవాళ్ళకి ఆ 20 గంటలు గడవడానికి సీజన్‌లో మంచి భాగం పడుతుంది. ఉన్న శక్తినే పూర్తిగా వాడకూడని రోజుల్లో అదనపు శక్తి కొనడంలో అర్థం లేదు. షాక్స్ సర్దుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి సమయం దొరకదు. సగం త్రాటిల్‌లో గతుకుల మీద పోతున్నప్పుడే బండి ఏం చేస్తోందో శ్రద్ధగా గమనించగలం.

700ఆర్‌లో ముందూ వెనకా షాక్స్‌కి ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాలన్నది), కంప్రెషన్ (షాక్ కుదించుకునే వేగం), రీబౌండ్ (అది తిరిగి పైకి లేచే వేగం) అన్నీ తిప్పుకోవచ్చు. (పేరు చివర 'ఆర్' లేని మామూలు రాప్టర్ 700లో ఇన్ని సర్దుబాట్లు ఉండవు. ఇంకా కొనని వాళ్ళు ఇది చూసుకోవాలి.) ఇన్ని మరలకు డబ్బు కట్టి కూడా వాటిని ఒక్కసారైనా తాకని బళ్ళు దిబ్బల మీద ఎన్నో కనిపిస్తాయి, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

మొదట చేయాల్సింది శాగ్ కొలవడం, అంటే మీ బరువుకి బండి ఎంత దిగుతుందో చూడటం. వెనక చక్రాలు గాల్లో ఉండేలా బండిని ఎత్తి, యాక్సిల్ నుంచి నిటారుగా పైన ఉన్న గ్రాబ్ బార్ దాకా టేపుతో కొలవండి. తర్వాత బండిని కిందికి దించి, హెల్మెట్, బూట్లతో సహా మీరు ఎక్కి కూర్చుని, ఇంకొకరితో మళ్ళీ కొలిపించండి. రెండింటి తేడా మొత్తం ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) దాదాపు మూడో వంతు ఉండాలి. రాప్టర్ వెనక ట్రావెల్ 10.1 అంగుళాలు, కాబట్టి మూడు అంగుళాలు దాటి కొంచెం. ఎక్కువ దిగితే స్ప్రింగ్ మీది రింగు బిగించాలి, తక్కువ దిగితే వదులు చేయాలి. బిగించీ బిగించీ చివరికి వచ్చినా ఇంకా దిగుతుంటే మీ బరువుకి ఆ స్ప్రింగ్ చాలదన్నమాట. ప్రీలోడ్ ఎంత బిగించినా స్ప్రింగ్ గట్టిదనం మారదు, గట్టి స్ప్రింగ్ కొనాల్సిందే. డబ్బు పెట్టాల్సిన చోటు అదే.

శాగ్ కుదిరాక క్లిక్కర్లు, అంటే కంప్రెషన్, రీబౌండ్ మరలు. ముందు ఒక్కో మరను పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని క్లిక్‌లున్నాయో లెక్కపెట్టి రాసుకుని, మళ్ళీ అక్కడికే తెచ్చి పెట్టండి. వరస గతుకుల్లో వెనక భాగం మిమ్మల్ని ఎగరేస్తోందంటే రీబౌండ్ మరీ త్వరగా ఉంది, రెండు క్లిక్‌లు లోపలికి. అలా కాకుండా ఒక్కో గతుక్కీ వెనక భాగం ఇంకా ఇంకా కిందికి కూరుకుపోతోందంటే రీబౌండ్ మరీ నెమ్మది, షాక్ పైకి లేచేలోపే తర్వాతి దెబ్బ తగులుతోంది, రెండు బయటికి. దూకి దిగినప్పుడు అడుగు తగిలితే హై-స్పీడ్ కంప్రెషన్ పెంచాలి. ఇక్కడ హై-స్పీడ్ అంటే బండి వేగం కాదు, షాక్ రాడ్ లోపలికి దూసుకెళ్ళే వేగం. ఒకసారికి ఒక్క మరే తిప్పండి. రెండు కలిపి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు.

స్ప్రింగ్ మార్చాల్సి వస్తే తప్ప ఇదంతా పూర్తిగా ఉచితం. గతుకుల దారిలో మీ వేగాన్ని ఏ సైలెన్సరూ పెంచలేనంతగా పెంచేది ఇదే. బండి నిలకడగా ఉంటే త్రాటిల్ వదలాల్సిన అవసరం రాదు, వదలని త్రాటిలే అసలు వేగం. చేతులు కూడా సాయంత్రం దాకా నొప్పెట్టవు.

ఇక టైర్లు. గ్లామిస్‌లో కంపెనీ టైర్లతో తిరిగేవాళ్ళకి ప్యాడిల్ టైర్లు (ఇసుకను వెనక్కి నెట్టే అడ్డ రెక్కలున్నవి) తెచ్చే మార్పు ఎంతటిదంటే, ఇంజిన్‌లో చేసే ఏ చిన్న మార్పూ దాని దగ్గరికి రాదు. దమ్ము చేసే ట్రాక్టర్‌కి కేజ్‌వీల్స్ ఎందుకు బిగిస్తారో తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇసుకలో చక్రం ఊరికే తిరిగి వృథా చేస్తున్న శక్తి ముందుకు నెట్టడానికి పనికొస్తుంది. వేరే రిమ్ముల మీద ఎక్కించి ఉంచుకుంటే మార్చుకోవడం తేలిక. గట్టి నేల మీద మాత్రం ఇవి పనికిరావు. మట్టి దారుల్లో తిరిగేవాళ్ళు కంపెనీ టైర్లనే ఉంచుకుని గాలి సరిచూసుకుంటే చాలు. వీటిలో ఉండాల్సింది నాలుగైదు పీఎస్ఐ మాత్రమే, కారు గేజ్ అంత తక్కువను సరిగా చూపించదు. చవకైన లో-ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కోండి.

స్ప్రాకెట్ గురించి తక్కువ మాటల్లో: ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్ళ బదులు 13 పళ్ళది వేస్తే ప్రతి గేర్‌లోనూ లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది, టాప్ స్పీడ్ అంతే తగ్గుతుంది. ఖర్చు నలభై డాలర్ల లోపే. ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి 7,000 అడుగుల ఎత్తులో తిరిగేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజిన్ శక్తి దాదాపు మూడు శాతం పడిపోతుంది, అంటే అక్కడ ఐదో వంతు పోయినట్టే. ఎగ్జాస్ట్‌తో వచ్చే లాభం ఆ నష్టాన్ని పూడ్చలేదు.

బండి వెడల్పు పెంచడమనే ఇంకో దారీ ఉంది. రాప్టర్ సుమారు 46 అంగుళాల వెడల్పు, యమహాదే, రేసులకోసమే తయారైన వైఎఫ్‌జెడ్450ఆర్ సుమారు 49. మలుపుల్లో లోపలి చక్రం లేచిపోతోందని భయపడేవాళ్ళకి పొడవాటి ఏ-ఆర్మ్స్ (ముందు చక్రాలను ఫ్రేముకి కలిపే చేతులు), వెడల్పాటి యాక్సిల్ మంచివే. కానీ ఇవి ఖరీదైనవి, పైగా ఇరుకు దారుల్లో ఇబ్బంది పెడతాయి. మొదటి సీజన్‌లో అక్కర్లేదు.

అసలు ఇంజిన్‌తో మొదలుపెట్టాల్సిన వాళ్ళే లేరా? ఉన్నారు. ప్యాడిల్స్ వేసుకుని, షాక్స్ సర్దుకుని, దిబ్బ కింద పక్కపక్కన నిలబడి పైకి పందెం వేయడమే ఇష్టమైన వాళ్ళకి తర్వాత మిగిలేది ఇంజినే. వాళ్ళు స్లిప్-ఆన్ దగ్గర ఆగకుండా పూర్తి సెట్‌కి డబ్బు కూడబెట్టుకోవడం మేలు. వైఎఫ్‌జెడ్450ఆర్ వాళ్ళ సంగతి వేరు. దాని 449 సీసీ ఇంజిన్ పై ఆర్‌పీఎంలోనే బలం చూపిస్తుంది కాబట్టి, ఇసుకలో స్ప్రాకెట్ మార్పు దానికి రాప్టర్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎగ్జాస్ట్ కొనేముందు చట్టం కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 1986 నుంచీ తయారైన బళ్ళకు శబ్దం పరిమితి 96 డెసిబెల్స్, నిప్పురవ్వలు ఆపే స్పార్క్ అరెస్టర్ కూడా ఉండాలి. రేసుల కోసమని అమ్మే సైలెన్సర్లు కొన్ని ఈ రెండిట్లోనూ తప్పుతాయి. పొగ నియంత్రణ భాగాలను మార్చడానికి కూడా అక్కడ ఆంక్షలున్నాయి, కాబట్టి ఆ భాగానికి కాలిఫోర్నియాలో ఆమోదం ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టండి. ఆరిజోనా నుంచి వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి: గ్లామిస్ ఉన్నది కాలిఫోర్నియా వైపు, అక్కడ ఏటీవీ మీద పెద్దవాళ్ళకు కూడా హెల్మెట్ తప్పనిసరి. ఎత్తైన కర్రకు జెండా కట్టి తీరాలి, దిబ్బ అవతల నుంచి వచ్చేవాళ్ళకి మీరు కనిపించేది దానివల్లే.