తిరుపతిలో ఒక ఉపశమన వైద్య కేంద్రం: నాలుగో దశ క్యాన్సర్ రోగిగా నా సమీక్ష

తిరుపతి పట్టణంలో ఒక ధార్మిక సంస్థ నడుపుతున్న ఉపశమన వైద్య (పాలియేటివ్ కేర్) కేంద్రం గురించి, అక్కడికి రోగిగా వెళ్లివస్తున్న మనిషిగా ఈ సమీక్ష రాస్తున్నాను. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినందువల్ల నాది నాలుగో దశ. హార్మోన్ మాత్రలతోనూ, ఎముకల కోసం ఇచ్చే జోలెడ్రానిక్ ఆసిడ్ ఇంజెక్షన్లతోనూ వ్యాధి ప్రస్తుతానికి అదుపులో ఉంది. ఉన్న కొద్దిమంది సిబ్బందితో ఇప్పుడు వస్తున్నవారిని చూడడమే కష్టంగా ఉందని, పేరు ప్రచారం చేయవద్దని నిర్వాహకులు కోరారు కాబట్టి కేంద్రం పేరు రాయడం లేదు. క్యాన్సర్ డాక్టరు రాసిచ్చిన చీటీ లేకుండా అక్కడ కొత్తవారిని చేర్చుకోరు గనుక, మీ డాక్టరును అడిగితే చిరునామా ఎలాగూ తెలుస్తుంది.

మన ప్రాంతంలో క్యాన్సర్ చికిత్సకు ఒకప్పుడున్నంత కొరత ఇప్పుడు లేదు. స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో, తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. చిత్తూరు, పలమనేరు వైపువారికి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర, ఇంకా కొందరు చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి వెళతారు. కీమో ఎక్కించేవారు, కరెంటు (రేడియేషన్) పెట్టేవారు, ఆపరేషన్ చేసేవారు ఉన్నారు. అయితే ఒక ఇంజెక్షన్‌కూ మరో ఇంజెక్షన్‌కూ మధ్య ఇంట్లో గడిచే రోజులను, ఆ రోజుల్లోని నొప్పిని, నిద్రలేమిని, పిల్లలకు ఏం చెప్పాలో తోచని స్థితిని పట్టించుకునే చోటు మాత్రం అరుదు. ఈ కేంద్రం చేసే పని సరిగ్గా అదే.

ఇక్కడికి పంపారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టేనని మా బంధువుల్లో చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ కొందరు అలాగే అనుకుంటున్నారు. ఆ మాట మొదటి రోజే డాక్టరమ్మ ముందు ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి ఆవిడ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై అమెరికాలో జరిగి 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, చికిత్సతో పాటు తొలినుంచీ ఉపశమన వైద్యం అందినవారు మధ్యస్థంగా (అంటే సగంమంది అంతకంటే ఎక్కువకాలం) 11.6 నెలలు, అందనివారు 8.9 నెలలు జీవించారనీ, మొదటివారిలో దిగులు కూడా తక్కువగా కనిపించిందనీ ఆవిడ వివరిస్తారు. అది వేరే క్యాన్సర్, వేరే దేశం, కాబట్టి నా జబ్బుకు అదే లెక్క వర్తిస్తుందని నేను అనుకోవడం లేదు. ఆవిడ కూడా అలా అనరు. క్యాన్సర్ మందులు ఆపకుండానే ఈ వైద్యం తీసుకోవచ్చన్న సంగతి ఇంట్లోవాళ్లకు అర్థం కావడానికి మాత్రం ఆ అంకెలు ఉపయోగపడ్డాయి.

ఇక్కడ వైద్యం మొదలయ్యేది రిపోర్టుల ఫైలుతో కాదు. నర్సు ఎదురుగా కూర్చుని, 'నొప్పి పదికి ఎంతుందమ్మా, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది, అన్నం ఎంత తింటున్నారు' అని అడిగి, చెప్పినదాన్ని చెప్పినట్టే ఒక నోటుబుక్కులో రాసి, ఆ బుక్కు మన చేతికే ఇస్తుంది. నా తుంటి ఎముకలోని నొప్పి మాత్రలకు లొంగడం లేదని తేలినప్పుడు, రోజుల తరబడి తిరగనవసరం లేకుండా ఒకే రోజు 8 గ్రే మోతాదులో కరెంటు పెట్టించుకునే వీలుందని చెప్పింది ఇక్కడి డాక్టరమ్మే. చాలారోజులకు పంచి ఇచ్చే కరెంటుతో సమానంగా అది ఎముక నొప్పిని తగ్గిస్తుందని, కాకపోతే కొంతకాలానికి మళ్లీ పెట్టించుకోవలసి వచ్చే అవకాశం కాస్త ఎక్కువని రెండువైపులా చెప్పి, నా క్యాన్సర్ డాక్టరుకు తానే ఉత్తరం రాశారు. ఇలా మంచీ చెడూ కలిపి చెప్పడం నాకు ధైర్యాన్ని ఇచ్చింది. 'అంతా బాగైపోతుంది' అనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ఇళ్లలో భయాలన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దాన్ని నిల్వచేయడానికి ఆసుపత్రులు రకరకాల లైసెన్సులు తెచ్చుకోవలసి వచ్చేది. 2014లో చట్టాన్ని సవరించాక ఒకే అనుమతి సరిపోతోంది. అయినా వీధి చివరి మందుల షాపులో అది దొరుకుతుందని ఆశించకూడదు. అనుమతి ఉన్న ఈ కేంద్రంలో మాత్రలను లెక్కపెట్టి ఇస్తారు, ఖాళీ పట్టీలు వెనక్కి తీసుకుంటారు, మిగిలిన మాత్రలు ఎన్నో అడుగుతారు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి, నొప్పి తిరిగి రాకముందే వేసుకోవాలి. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేసుకోవలసిన అదనపు మోతాదును విడిగా రాసిస్తారు. మొదటి కొన్ని రోజులు మగత, వికారం ఉండి తరువాత తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు కాబట్టి విరేచనానికి మందు మొదటి రోజునుంచే కలిపి ఇస్తారు. నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడేవారు వ్యసనపరులుగా మారడం అరుదని, అలాగని ఒక్కసారిగా మానేయకూడదని మావారికి ఓపికగా, ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఈ విషయంలో కేంద్రం పనితీరుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

నెలకొకసారి మేడమీది హాలులో రోగులు, వారి ఇంటివారు కలుసుకుంటారు. అక్కడ రెండే నియమాలు. ఎవరికీ పసరు మందులు, పథ్యాలు సిఫారసు చేయకూడదు, ఎవరినీ చూసి 'చిక్కిపోయారే' అనకూడదు. బంగారుపాళెం నుంచి మామిడి రైతు, పుత్తూరు వైపునుంచి నేతపని చేసే మనిషి, బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దాయన, నాలాంటి గృహిణులు వస్తారు. మొదట నాకు అంత ఇష్టంగా అనిపించలేదు, నలుగురి కష్టం వింటే మన కష్టం తగ్గుతుందనే వాదనను నేను ఇప్పటికీ ఒప్పుకోను. నన్ను మళ్లీ వెళ్లేలా చేసింది అక్కడి నవ్వులే. కీమో ప్రస్తావన వచ్చినప్పుడు తిరుచానూరు ఆవిడ ఒకరు, 'జుట్టు ఎట్లాగూ ఊడిపోతాదని తెలిసినాక ముందే కొండకు పోయి తలనీలాలు ఇచ్చేస్తినక్కా, ఆసుపత్రి గచ్చుమీద రాలేదానికంటే స్వామికి పోయేది మేలు కదా' అన్నప్పుడు హాలంతా నవ్వింది, ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

సమావేశం చివర నిర్వాహకురాలు ఒక్కొక్కరినీ, వచ్చే సమావేశం లోపల జరగాలనుకుంటున్న పని ఒకటి చెప్పమంటారు. జబ్బు నయం కావాలన్నది అందరికీ ఉన్నదే కాబట్టి దాన్ని మినహాయించి చెప్పాలి. ఒకాయన పొలం కాగితాలు కూతురి పేరిట మార్పించాలన్నాడు. కండక్టరు పెద్దాయన, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మనవడు కట్టే బైరాగి వేషాన్ని వీధిలో నిలబడి చూడాలన్నాడు. వైద్యం గొప్పదనం నాకు అక్కడ కనిపించింది: డాక్టరమ్మ ఆ కోరికను నోటుబుక్కులో మందుల పక్కనే రాసుకుని, జాతర రోజుకు మాత్రల వేళలు సరిచేసి, బయలుదేరే ముందు వేసుకోవలసిన అదనపు మోతాదు చెప్పి, మే నెల ఎండలో ఎంతసేపు నిలబడవచ్చో కూడా మాట్లాడారు. ఆయన కుర్చీలో కూర్చునే చూశాడట. ఏడాది తరువాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేని జబ్బులో, రాబోయే మూడు వారాలకు ఒక ఏర్పాటు చేసిపెట్టడం కంటే పనికొచ్చే ఆశ నాకు మరెక్కడా దొరకలేదు.

ఇంటివారికి వేరే గదిలో విడిగా మాట్లాడే అవకాశం ఇస్తారు. నా ముందు ఎన్నడూ నోరు విప్పని మావారు అక్కడ ఏం మాట్లాడారో నేను అడగలేదు. డబ్బు, కాగితాల విషయంలో సహాయానికి ఒక సామాజిక కార్యకర్త ఉన్నారు. రైలులో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ మూడో తరగతి ఏసీలోనూ ఛార్జీ పూర్తిగా మినహాయింపు అనీ, వెంట వచ్చేవారికి అదే తరగతుల్లో 75 శాతం రాయితీ అనీ ఆయన చెప్పేదాకా, అడయారుకు పోయివచ్చే కుటుంబాలు కొన్ని పూర్తి ధర పెట్టి టికెట్లు కొన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుంది, ఏది రాదు అన్నదీ ఆయనే చూసిపెడతారు.

లోపాలు లేకపోలేదు. ఎముకలు బలహీనపడినవారిని మేడమెట్లు ఎక్కించి సమావేశం పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు, లిఫ్టు లేదు, మరుగుదొడ్డి కింది అంతస్తులో ఉంది. సమావేశాలు పనిదినాల్లోనే జరుగుతాయి, కూలికి వెళ్లే ఇంటివారు ఒకరోజు సంపాదన వదులుకుంటే తప్ప రాలేరు. ఇంటికి వచ్చి చూసే సేవ రేణిగుంట, చంద్రగిరి దాటి వెళ్లదు, కుప్పం నుంచి వచ్చే రోగిని అటెండరు చేతుల మీద దింపుతుంటే చూడడం కష్టంగా ఉంటుంది. ఇచ్చే కరపత్రాల్లో సగం ఇంగ్లీషులోనే ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాటితే ఫోను ఎత్తేవారు ఉండరు. మనసు బాగోలేని రాత్రుల్లో 14416కు, అంటే కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, కానీ అది నొప్పికి మందు చెప్పే చోటు కాదు. ఆ వేళకు నొప్పి ఎక్కువైతే దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్లడమే దారి.

డాక్టరును చూసినందుకు రుసుము లేదు, మందులకు కొన్న ధర తీసుకుంటారు, ఇవ్వలేనివారిని అడగరు. కొత్తగా వెళ్లేవారు బయాప్సీ రిపోర్టు, చివరి స్కాన్, వాడుతున్న అన్ని మందుల పట్టీలు, నాటుమందులు వాడుతుంటే అవి కూడా దాచకుండా తీసుకువెళ్లాలి. ఉదయం ఎనిమిదింటికే టోకెన్లు ఇవ్వడం మొదలుపెడతారు. తోడుగా కారు నడిపే మేనల్లుడు కాకుండా, రాత్రిళ్లు మీ పక్కన పడుకుని మాత్రలు అందించే మనిషి రావడం మంచిది, నర్సు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు వారి దగ్గరే ఉంటుంది.